బ్రౌజర్‌లో ఇసుక రాల్చడం ఎలా? నిప్పు పెట్టే ముందు చేయాల్సిన పనులు

బ్రౌజర్‌లో ఇసుక, నీళ్లు, నిప్పు లాంటివి పోసి ఏమవుతుందో చూసే ఈ ఆటని కొత్తగా తెరిచినవాళ్లు మొదటి ఐదు నిమిషాల్లో చేసేది దాదాపు ఒకటే. ఇసుక పోస్తారు, దాని మీద నీళ్లు పోస్తారు, కనిపించిన ప్రతి బటనూ నొక్కి స్క్రీనంతా కలగాపులగం చేస్తారు, చివరికి నిప్పు పెట్టి, అంతా కాలిపోతుంటే చూసి, బాగుందిలే అనుకుని ట్యాబ్ మూసేస్తారు. నేనూ అంతే చేశాను. రెండోసారి తెరిచినప్పుడు మాత్రం బ్రష్, అంటే పదార్థాన్ని పోసే కుంచె, పొరపాటున అతి చిన్న సైజులో ఉండిపోయి ఒకే ఒక్క గింజ రాలింది. అది కిందపడి ఆగింది. ఇంకోటి వేస్తే దాని నెత్తిన పడి, నిలవలేక పక్కకి జారింది. అదిగో, అక్కడ పట్టుకుంది నాకు ఈ పిచ్చి. అందుకే కింద చెప్పేది కాస్త పిసినారి పద్ధతి: ఒకసారికి ఒకే పదార్థం, వీలైతే ఒకే గింజ, నిప్పు అన్నిటికన్నా ఆఖరున.

ముందు ఏది తెరవాలి

వీటిని ఫాలింగ్ శాండ్ ఆటలంటారు. 2005 ప్రాంతంలో జపాన్ నుంచి వచ్చిన ఒక చిన్న జావా ఆప్లెట్‌తో, అంటే వెబ్ పేజీలోనే నడిచే బుల్లి ప్రోగ్రామ్‌తో, ఇవి ఇంటర్నెట్‌లో పాకాయి. ఆ ఆప్లెట్లను ఇప్పటి బ్రౌజర్లు నడపవు కాబట్టి పాత లింకుల వెంటపడి టైమ్ వేస్ట్ చేసుకోకండి. కొత్తవాళ్లయితే శాండ్‌స్పీల్‌తో మొదలుపెట్టండి, అందులో ఇరవై దాకా బటన్లే ఉంటాయి, అవి చాలు. శాండ్‌బాక్సెల్స్ కూడా బ్రౌజర్‌లోనే నడుస్తుంది కానీ దాంట్లో పదార్థాలు 500 పైనే, ఏది నొక్కాలో తేల్చుకునేలోపే ఉత్సాహం చల్లారిపోతుంది. అది రెండో వారానికి ఉంచుకోండి. పౌడర్ టాయ్ అని ఇంకోటుంది, ఉచితం, ఓపెన్ సోర్స్, ఒత్తిడి, వేడి లాంటివన్నీ లెక్కగడుతుంది. ఇసుక మీద మోజు తీరాక దాని సంగతి చూడొచ్చు.

కంప్యూటర్, ఫోను రెండింట్లోనూ ఆడొచ్చు కానీ ఫోన్‌లో ఒక చిక్కుంది. ఎక్కడ పోస్తున్నామో ఆ చోటునే వేలు కప్పేస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది, అది నాకు గంట పనిని మింగేసిన చిక్కు: పైనుంచి కిందికి వేలు లాగి గోడ గీద్దామనుకుంటే బ్రౌజర్ దాన్ని 'పేజీ రిఫ్రెష్ చెయ్యి' అని అర్థం చేసుకుంది. స్క్రీన్ మీద ఉన్నదంతా పోయింది. ఫోన్‌లో నిలువు గీతలు ఎప్పుడూ కిందినుంచి పైకే గీయండి.

ఏమీ పోయకముందు

నాలుగు బటన్లు ఎక్కడున్నాయో చూసుకోండి: బ్రష్ సైజు, పాజ్, చెరిపేది, మొత్తం తుడిచేసేది. చివరిది నొక్కడానికి కాదు, పొరపాటున నొక్కకుండా ఉండటానికి చూసుకోమంటున్నాను. కొన్నింట్లో అన్‌డూ ఉంటుంది, ఉంటే అదృష్టం. పాజ్‌లో ఉన్నప్పుడు ఒక్కో అడుగే ముందుకు కదిపే బటన్ ఉంటే అది బంగారం, ఈ ఆటలో సగం సంగతులు దాంతోనే బయటపడతాయి.

తర్వాత అంచులు చూడండి. కుడి అంచు దగ్గరా కింది అంచు దగ్గరా కాసిని నీళ్లు పోయండి. కొన్ని ఆటల్లో అంచు గోడలాంటిది, నీళ్లు అక్కడే నిలబడతాయి. కొన్నింట్లో అంచు దాటినవి మాయమైపోతాయి. ఇది ముందే తెలియకపోతే తర్వాత మీరు పెట్టే జలపాతం పది నిమిషాల్లో స్క్రీనంతా ముంచేస్తుంది, లేదా మీరు కట్టిన చెరువు మీరు చూస్తుండగానే ఖాళీ అయిపోతుంది.

ఒక్క గింజతో మొదలు

బ్రష్ అన్నిటికన్నా చిన్నది పెట్టండి. పాజ్ నొక్కండి. ఇసుక ఎంచుకుని, స్క్రీన్ పైభాగంలో ఒక్క చుక్క పెట్టి పాజ్ తీసేయండి. పడిందా? మళ్లీ పాజ్, సరిగ్గా అదే నిలువులో ఇంకో చుక్క. మొదటి గింజ మీద పడుతుంది, కింద చోటు లేదు కాబట్టి ఏటవాలుగా ఒక పక్కకి దిగుతుంది. మూడోది రెండో పక్కకి దిగుతుంది, ఎందుకంటే ఒక పక్క అప్పటికే నిండింది. నాలుగోదానికి కిందా చోటు లేదు, రెండు ఏటవాలు గళ్లలోనూ చోటు లేదు, దిక్కులేక నెత్తిమీదే కూర్చుంటుంది. అంటే రెండు వరసల బుల్లి పిరమిడ్‌కి నాలుగు గింజలు. ఇలాగే పోస్తూ పోతే మూడు వరసలు పూర్తయ్యేసరికి తొమ్మిది, నాలుగు వరసలకి పదహారు. ఒక వరసలో 1, తర్వాత 3, తర్వాత 5, కూడితే వర్గాలు వస్తాయి. కుప్పగా పోసేస్తే ఇది చచ్చినా కనబడదు.

ఇసుక ప్రాథమిక సూత్రం మొత్తం ఇప్పుడు మీ చేతికొచ్చేసింది. కింది గడి ఖాళీనా, దిగు. కాదా, కింద కుడిమూలో ఎడమమూలో ఖాళీ ఉంటే అక్కడికి దిగు. అదీ లేదా, ఆగు. ఇంతే. స్క్రీన్ మొత్తం ఒక గళ్ల కాగితం, ప్రతి గడిలో ఒక పదార్థమో ఖాళీయో ఉంటుంది, ఏ గింజకీ తన పక్క గళ్లు తప్ప ఇంకేమీ తెలియదు. తానొక కుప్పలో ఉన్నానన్న సంగతి కూడా దానికి తెలియదు. ఇలాంటి గళ్ల లెక్కల్ని సెల్యులర్ ఆటోమాటా అంటారు. 1940ల్లో ఉలామ్, ఫాన్ నోయ్‌మన్ అనే గణితవేత్తలు మొదలుపెట్టారు, 1970లో ఇంకో గణితవేత్త కాన్వే చేసిన 'గేమ్ ఆఫ్ లైఫ్'తో జనంలోకి వచ్చింది. మన ఇసుక ఆట ఆ కుటుంబంలోదే.

ఇప్పుడు బ్రష్ పెద్దది చేసి కుప్ప పోయండి. వాలు గమనించండి. సరిగ్గా 45 డిగ్రీలు. నిజమైన పొడి ఇసుక కుప్ప సుమారు 34 డిగ్రీల దగ్గరే నిలుస్తుంది, అంతకన్నా నిటారుగా పోస్తే జారిపోతుంది. ఇక్కడ 45 ఎందుకంటే గింజ జారేది ఒక గడి పక్కకి, ఒక గడి కిందికి, అంతకన్నా దానికి తెలిసిన దారి లేదు. కొన్ని ఆటలు ఇంకాస్త యాదృచ్ఛికం కలిపి ఈ కోణాన్ని మెత్తబరుస్తాయి. మీరు తెరిచినదాంట్లో వాలు ఎంతుందో చూస్తే దాన్ని రాసినవాళ్లు ఎంత ఓపిక పెట్టారో తెలిసిపోతుంది. కుప్ప ఎప్పుడూ ఒకే పక్కకి ఒరుగుతోందంటే మాత్రం ఎవరో ఎడమ మూలనే ముందు చూడమని రాసి మర్చిపోయారన్నమాట.

నీళ్లు, ఇంకా నీళ్లకు రాని పని

నీళ్లకి ఇసుక సూత్రమే, చివర ఒక్క ముక్క ఎక్కువ: దిగడానికి ఎటూ లేకపోతే అడ్డంగా పక్క గడిలోకి పో. ఆ ఒక్క ముక్కతోనే నీళ్లు మట్టంగా పరుచుకుంటాయి. తొట్టి గీసి పోసి చూడండి. తర్వాత ఆ నీళ్లలో ఇసుక వేయండి, మునుగుతుంది. ఆ మునగడం కూడా మోసమే, ఇసుక గింజా నీటి గడీ చోట్లు మార్చుకుంటాయంతే, ఒకటి దిగితే ఇంకోటి ఎక్కుతుంది. నూనె వేస్తే నీళ్లపైకి తేలేదీ ఇలాగే, బరువు ఎక్కువున్నది కింద ఉన్న తేలికదాంతో చోటు మార్చుకుంటుంది. గ్యాస్ అంటే తలకిందులైన నీళ్లు అనుకోండి.

ఇప్పుడొక సరదా పరీక్ష. గోడతో 'యు' ఆకారం గొట్టం గీయండి, రెండు కొమ్ములూ పైకి ఉండాలి. ఎడమ కొమ్ములో నీళ్లు పోస్తూ ఉండండి. చిన్నప్పుడు చదువుకున్న ప్రకారం రెండు కొమ్ముల్లోనూ నీళ్లు ఒకే మట్టానికి రావాలి. చాలా ఆటల్లో రావు! ఎడమ కొమ్ము నిండి పొర్లుతుంది, కుడి కొమ్ములో మాత్రం అడుగున దారి ఎంత ఎత్తుంటే అంతవరకే నీళ్లు. ఎందుకంటే నీటి గడికి పైకెక్కమని ఎవరూ చెప్పలేదు, పైనున్న బరువు తన మీద ఎంత పడుతోందో దానికి తెలియదు. ఒత్తిడి అన్నది ఒక గడికీ దాని పొరుగు గడికీ మధ్య తేలే వ్యవహారం కాదు, మొత్తం నీటి సంగతి తెలియాలి. కొత్త ఆట ఏది దొరికినా నేను మొదట వేసే ప్రశ్న ఇదే, యు గొట్టం గీసి చూస్తాను, రెండు నిమిషాల్లో దాని బండారం బయటపడుతుంది.

ఇసుక గడియారం కట్టండి, గోడ ఎందుకు కారుతుందో తెలుసుకోండి

ఇక కట్టడం. ముందు ఇసుక గడియారం, ఎందుకంటే అందరూ ఇక్కడే తప్పు చేస్తారు. పైన గరాటులా రెండు ఏటవాలు గోడలు, మధ్యలో సన్నటి మెడ, కింద మళ్లీ విప్పారే గోడలు. మామూలుగా జరిగేది ఏమిటంటే, సన్నటి బ్రష్‌తో అందంగా ఏటవాలు గీత గీస్తారు, పైన ఇసుక పోస్తారు, అది మెడలోంచి కాకుండా గోడలోంచే కారిపోతుంది. బగ్ అనుకుంటారు. కాదు. దగ్గరగా జూమ్ చేసి చూడండి: ఒక గడి మందం ఉన్న ఏటవాలు గీతలో గళ్లు మూలలతోనే ఆనుకుని ఉంటాయి, పక్కపక్కన కాదు. ఇసుక కూడా మూలగా దిగుతుంది కదా, తాను చేరబోయే గడి ఖాళీయా కాదా అన్నదే చూస్తుంది, ఆ రెండు గోడ గళ్ల మధ్యలోంచి దూరుతున్నానన్న స్పృహ దానికి లేదు. సింపుల్‌గా రాసిన ఆటల్లో ఇది దాదాపు తప్పదు. మందు ఏమిటంటే ఏటవాలు గోడల్ని ఎప్పుడూ ఒక సైజు లావు బ్రష్‌తో గీయడమే.

ఇంకో తప్పు, గరాటును మరీ వెడల్పుగా, చదునుగా గీయడం. గోడ వాలు 45 డిగ్రీలకన్నా తక్కువైతే ఇసుక దాని మీదే కుప్పగా కూర్చుంటుంది, చివరి గుప్పెడు ఎప్పటికీ దిగదు. కాబట్టి నిటారుగా గీయండి. మెడ ఒక్క గడి వెడల్పున్నా చాలు. నిజం ఇసుక అంత సన్నటి మెడలో గింజకి గింజ ఆనుకుని కమానులా అడ్డుపడి ఆగిపోతుంది, ఇక్కడ ఆ బాధ లేదు.

ఇది కుదిరాక చెరువు కట్ట. రెండు గోడల మధ్య ఇసుకతో కట్ట వేసి, వెనక నీళ్లు నింపి, కట్ట అడుగున ఒక తూము తీయండి, అంటే చెరిపే బ్రష్‌తో చిన్న కన్నం. పైన ఉన్న ఇసుక వెంటనే దాంట్లోకి కూలి తూము మూసుకుపోతుంది, కూలినచోట కట్ట పైభాగం గుంటపడుతుంది, నీళ్లు ఆ గుంట మీదుగా పొర్లడం మొదలుపెడతాయి. గండి అడుగున తీస్తే పైన పడుతుందన్నమాట. తూము నిలవాలంటే దాని కప్పు ముందు గోడతో గీసి, ఆ తర్వాతే దాని మీద ఇసుక పోయాలి.

తోట, జలపాతం, ఒక దుర్ఘటన

శాండ్‌స్పీల్‌లో క్లోనర్ అని ఒకటుంది. దానికి మొదట ఏది తగిలితే దాన్ని ఆగకుండా పుట్టిస్తుంది. జలపాతానికి ఇదే కావాలి. పాజ్ పెట్టి పైన ఒక మూల క్లోనర్ చుక్క, దాన్ని ఆనించి నీటి చుక్క, అప్పుడు పాజ్ తీయండి. పాజ్ పెట్టకుండా చేస్తే గాల్లో కొట్టుకుపోతున్న ఏ ఇసుక గింజో ముందు తగిలి జలపాతం బదులు ఇసుకపాతం వస్తుంది, దాన్ని ఆపలేక మొత్తం తుడిచేయాల్సొస్తుంది.

కింద ఇసుక పరిచి విత్తనాలు వేయండి. ఇసుక తగిలితే మొలుస్తాయి, గోడ మీద వేసి ఎదురుచూడకండి. మొక్క పెరగడానికి నీళ్లు కావాలి, మొదటితరం ఆటల్లో అయితే మొక్కను తాకిన నీటి గడి ఏకంగా మొక్కగా మారిపోయేది. జలపాతాన్ని నేరుగా తోట మీద వదలకండి, మధ్యలో మెట్లుమెట్లుగా రెండు మూడు గోడలు పెట్టి నీళ్లు జారేలా చేయండి. పది నిమిషాలు అలా వదిలేసి వేరే పని చూసుకుని వచ్చారంటే తిరిగి చూసేసరికి తోట మీరు గీసినట్టు ఉండదు, అదే బాగుంటుంది.

బూజు మాత్రం వేయకండి. ఫంగస్ అని రాసి ఉంటుంది, చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. గంటన్నర కష్టపడి పెంచిన తోటలో, మూలన ఒక చెట్టు మొదట్లో అందానికి ఒక్క చుక్క పెట్టాను. టీవీలో వార్తలు అయ్యేలోపు తోటంతా బూజే. మంట పెట్టి దాన్ని మాత్రమే కాల్చేద్దామనుకున్నాను, ఏమైందో మీకు తెలుసు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. ఏదైనా కొత్త పదార్థాన్ని పరీక్షించాలంటే ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఆ తర్వాత వేరే ట్యాబ్‌లో ఖాళీ మైదానం తెరిచి అక్కడ పరీక్షించండి. పురుగు, యాసిడ్, రాకెట్ అన్నిటికీ ఇదే నియమం. పురుగులు చెక్కనీ మొక్కల్నీ తింటాయి, యాసిడ్ ఇంచుమించు అన్నిటినీ తింటుంది.

సరే, ఇప్పుడు నిప్పు

ఇన్నాళ్లు ఆగారు కాబట్టి కొంచెం పద్ధతిగా పెట్టండి. సన్నగా, పొడుగ్గా, వంకర్లు తిప్పుతూ రెండు వత్తులు గీయండి, ఒకటి చెక్కతో, దాని కింద అదే పొడవుతో ఇంకోటి మొక్కతో. రెండింటికీ ఒకేసారి ఒక చివర అంటించి, ఏది ముందు అవతలి చివరికి చేరుతుందో చూడండి. ఆ తేడా తెలిస్తే టైమర్ దొరికినట్టే. పేలాల్సినదానికి ఎంత ఆలస్యం కావాలో అంత పొడవు వత్తి చాలు. వత్తి చివర గోడతో మూసిన గదిలో గ్యాస్ నింపితే ఒక రకంగా, దుమ్ము నింపితే ఇంకో రకంగా ఉంటుంది. దుమ్ము అనగానే తేలిగ్గా తీసుకోకండి. నిజజీవితంలోనూ గాల్లో కలిసిన సన్నటి పొడికి నిప్పు తగిలితే పేలుతుంది, ఆటలో కూడా అది బాంబే.

శాండ్‌స్పీల్‌లో గింజల కింద ఇంకో పొర నడుస్తుంటుంది, అది గాలి. మంట మండితే గాలి కదులుతుంది, తేలికగా ఉన్నవి కొట్టుకుపోతాయి. కాబట్టి వత్తుల పందెం పెట్టేటప్పుడు రెండింటి మధ్య గోడ ఉంచండి, లేదంటే ఒకదాని మంట ఇంకోదానికి అంటుకుని మీ లెక్కంతా తప్పుతుంది. లావా మీద నీళ్లు పోస్తే రాయి అవుతుంది. కొంచెం కొంచెంగా పోస్తూ లావా మీద రాతి పెచ్చు కట్టించి, ఆ పెచ్చుకి కన్నం పెట్టి లావాని మళ్లీ బయటికి వదలడం నాకు ఇష్టమైన ఆట, ఎందుకో చెప్పలేను.

స్క్రీన్ నిండిపోయి కదలిక మొండికేస్తే మీ మెషీన్‌ని తిట్టకండి. 300 బై 300 గళ్ల మైదానం అనుకుంటే అది 90,000 గళ్లు. సెకనుకు 60 సార్లు అన్నిటినీ చూడాలంటే 54 లక్షల చూపులు. శాండ్‌స్పీల్‌ని రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి, బ్రౌజర్ వేగంగా నడపగలిగే వెబ్ అసెంబ్లీ అనే రూపానికి మార్చింది ఈ బరువు మోయడానికే. పక్కన తెరిచిన ట్యాబ్‌లు మూసేయండి, చాలావరకు సర్దుకుంటుంది.

మీరే ఒకటి రాయాలనిపిస్తే

ప్రోగ్రామింగ్ కొద్దిగా వచ్చినా చాలు. రెండు వైపులా గళ్లున్న ఒక పట్టిక తీసుకుని ఖాళీకి 0, ఇసుకకి 1 పెట్టండి. ప్రతి ఫ్రేమ్‌కి, అంటే స్క్రీన్ మీద బొమ్మ మారే ప్రతిసారీ, అన్ని గళ్లూ చూసి, 1 ఉన్నచోట పైన చెప్పిన మూడు ప్రశ్నలు వేసి, గింజని కదిపి, కాన్వాస్ (పేజీలో బొమ్మ గీసే చోటు) మీద చుక్కలు గీయండి. నాలుగైదు పదుల లైన్ల పని. 2020లో విడుదలైన నోయిటా అనే పెద్ద ఆటలో ప్రపంచమంతా పిక్సెల్ పిక్సెల్‌గా రాలుతుంది, కూలుతుంది, కాలుతుంది, దాని పునాది కూడా ఈ ఆలోచనే.

మొదటిసారి నడిపినప్పుడు గింజ పడటం కనబడదు. క్లిక్ చేయగానే నేల మీద ప్రత్యక్షమవుతుంది. నాకూ అలాగే అయింది, అరగంట బుర్ర గోక్కున్నాను. పైవరస నుంచి కిందికి చూసుకుంటూ వస్తున్నారు కదా, మొదటి వరసలో ఉన్న గింజని రెండో వరసకి దించారు, తర్వాత రెండో వరస చూడగానే అదే గింజ మళ్లీ కనబడింది, మళ్లీ దించారు, అలా ఒక్క ఫ్రేమ్‌లోనే నేలకి చేరిపోయింది. కింది వరస నుంచి పైకి చూడమని ఒక్క లైను మార్చండి. ఎడమా కుడీ మూలల్లో ముందు ఏది చూడాలన్నది ప్రతిసారీ బొమ్మాబొరుసు వేసినట్టు నిర్ణయించమనండి, లేకపోతే కుప్ప ఒరిగిపోతుంది. మళ్లీ నడిపి పైన ఒక్క చుక్క పెట్టండి, నింపాదిగా దిగుతుంది. అది ఆగాక అదే నిలువులో ఇంకోటి వేసి, ఎటు జారుతుందో చూడండి.